వెనక నుంచి వినబడే బండి

ఆమె స్టీరింగు పట్టినన్ని రకాల బండ్లు ఆ చుట్టుపక్కల ఏ మగాడూ పట్టి ఉండడు. కార్లు, జీపులు, పాల వ్యాన్లు, పుస్తకాల లారీ, ఒకసారైతే సర్కసు వాళ్ల జంతువుల బండి. చిక్కల్లా ఒక్కటే. ఆమె ఎక్కి కూర్చునే వేళకి వాటిలో ఒక్కదానికీ ప్రాణం ఉండేది కాదు.

ఆమె భర్తది చెడిపోయిన బండ్లను కొండ మీదికి లాగే పని. బాగుచేసే షాపులన్నీ కొండ పైన ఉన్న పట్నంలోనే ఉన్నాయి, బండ్లేమో ఎప్పుడూ కొండ ఎక్కుతూ మధ్యలో చస్తాయి. ముందు ఆయన, తన పాత డీజిలు పికప్పు ట్రక్కులో. దాని వెనక ఇనప తాడు. ఆ తాడు చివర, ఇంజను ఆగిపోయిన పరాయి బండిలో, ఆమె. తాడు కట్టి లాగేటప్పుడు వెనక బండిలో ఒక మనిషి ఉండి తీరాలి. లేకపోతే మలుపు దగ్గర ముందు బండిది ఒక దారి, వెనక బండిది ఒక దారి అవుతుంది. పెళ్లయిన కొత్తలో ఒకరోజు పనివాడు రాకపోతే, "నువ్వు కూర్చో, ఊరికే చక్రం పట్టుకోడమేగా" అని ఆయన ఆమెను కూర్చోబెట్టాడు. అలా ఊరికే కూర్చోగా కూర్చోగా కూతురు పుట్టింది, పెరిగింది, పెళ్లి చేసుకుని వెళ్లింది, ఆమె జుట్టు సగం నెరిసింది. కొండ కింద చెక్‌పోస్టు వాళ్లు ఆమెను 'వెనకక్క' అని పిలిచేవారు. అసలు పేరు ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

ఊరికే కూర్చోవడమట! ఇంజను ఆగిన బండిలో ఎప్పుడైనా కూర్చుని చూశారా మీరు? బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది. రెండు కాళ్లూ కలిపి, నడుం సీటుకు ఆనించి తొక్కితే గానీ దిగదు. స్టీరింగు తిరగలి తిప్పినట్టు తిప్పాలి. ముందు బండి గేరు మార్చే క్షణంలో తాడు వదులవుతుంది. ఆ వదులు తెలుసుకుని బ్రేకు కొంచెం అదిమి పట్టకపోతే, మళ్లీ లాగినప్పుడు తాడు తెగి అద్దంలోంచి మొహం మీదికొస్తుంది. ఆమె చేతుల్లో ఇన్నేళ్లలో ఒక్క తాడూ తెగలేదు. కానీ కొండ పైకి చేరి, చెమటతో తడిసిన రవికెతో ఆమె కిందికి దిగిన ప్రతిసారీ ఆయన అదే మాట అడిగి, అక్కడున్నవాళ్లందరూ వినేలా నవ్వేవాడు.

"ఏం, నిద్ర పట్టిందా?"

చెడ్డవాడని కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం, అంతే. ఆమె కూడా నవ్వేసేది. నవ్వేసి, లోపల ఎక్కడో ఒక మూల ఆ మాటను దాచుకునేది. ఆమెకు ఒక్కటే కోరిక ఉండేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తను కూర్చున్న బండి తన కాలి కింద తనంతట తాను కదిలితే ఎలా ఉంటుందో చూడాలని. అడిగితే, "నీకెందుకే ఆ తిప్పలు, హాయిగా వెనక కూర్చోక" అనేవాడు.

ఇక ఆ ట్రక్కు సంగతి చెప్పాలి. వీధి జనం దానికి పెట్టిన పేరు గడగడ. అది వీధి మొగలో తిరగ్గానే కిటికీ అద్దాలు వణికేవి, అరల్లో గిన్నెలు మోగేవి, ఎదురింటి టైలరు కుట్టు ఆపి చేతులు పైకెత్తేవాడు, అది దాటేదాకా కుడితే గీత వంకర పోతుందని. ఆ చప్పుడు కొలతకే మొగుడూ పెళ్లాల గొంతులు కూడా పెరిగాయి. "కాస్త ఉప్పు ఇటివ్వు" అని ఆయన మామూలుగా అడిగినా, పక్క వాటాలో కొత్తగా దిగినవాళ్లు కొట్టుకుంటున్నారేమోనని తలుపు తట్టేవారు. అత్తగారికి బొత్తిగా చెవుడు. ఆ మహాతల్లికి ఈ లోకంలో వినబడే శబ్దం ఒక్క గడగడదే. అది వినబడగానే లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టేది, కొడుకూ కోడలూ వచ్చి స్నానాలు చేస్తారని.

చప్పుడు ఎంతైనా చేయనీండి, మాట తప్పే బండి మాత్రం కాదు. వానైనా, ఎముకలు కొరికే చలైనా, తాళం తిప్పితే ఒకసారి దగ్గి, రెండుసార్లు పొగ ఉమ్మి, అందుకునేది. మీటర్లన్నీ ఏనాడో కళ్లు మూశాయి. డాష్‌బోర్డు మీద వెలిగే దీపం ఒక్కటీ లేదు. "దీపాలుంటే భయాలుంటాయి" అనేవాడాయన.

అలాంటి మనిషి, లోయ అంచున వెనక చక్రం గాల్లో ఉండగా బండి నడిపినవాడు, తన ఇంటి స్నానాలగది గుమ్మంలో సబ్బు నీళ్ల మీద కాలు జారి పడ్డాడు. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. తొడ దాకా కట్టు వేసి, నెలల తరబడి నేల మీద మోపకూడదన్నారు. ఎడమ కాలు లేకపోతే క్లచ్చు లేదు. క్లచ్చు లేకపోతే గడగడ లేదు.

వీధిలో మొదటి వారం అందరూ పండగలా నిద్రపోయారు. రెండో వారానికి అత్తగారికి తోచలేదు. పొయ్యి దగ్గరికి వెళ్లేది, వెనక్కొచ్చేది. ఒక సాయంత్రం కోడలి చెయ్యి పట్టుకుని, తనకు వినబడదు గనక లోకానికీ వినబడదనుకుని, నాలుగు ఇళ్లకు వినబడేలా అంది.

"ఏమే అమ్మాయ్, ఇల్లు చచ్చిపోయినట్టుందే. నువ్వు నడపలేవూ దాన్ని?"

మంచం మీంచి ఆయన పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మర్నాడే పాత గిడ్డంగుల వెనక ఖాళీ స్థలంలో చదువు మొదలైంది. ఆయన పక్క సీట్లో, కట్టుకాలు డాష్‌బోర్డు మీద చాపుకుని. గడగడ ఆమె కాలి కింద కదిలిన ఆ మొదటి క్షణంలో ఆమెకు ఒళ్లు జలదరించింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఆనందంలోనే బ్రేకు తొక్కింది. జీవితమంతా చచ్చిన బండ్ల బ్రేకులు తొక్కిన కాళ్లవి. రెండూ కలిపి, నడుం ఆనించి, ప్రాణం పెట్టి తొక్కింది. ట్రక్కు ఉన్నచోట పాతేసినట్టు ఆగింది. ఆయన కట్టుకాలు వెళ్లి అద్దానికి కొట్టుకుంది.

"అది బ్రేకే, పాము కాదు! తొక్కి చంపక్కర్లేదు!"

లైసెన్సు పరీక్షలో ఇన్‌స్పెక్టరుగారి కళ్లజోడు ఎగిరి అద్దానికి తగిలి కింద పడింది. రెండోసారి ఆ పెద్దమనిషి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని మరీ ఎక్కాడు. ఆ రోజు ఆమె బ్రేకును పసిబిడ్డ తల నిమిరినట్టు నొక్కింది. లైసెన్సు వచ్చింది. అత్తగారు ఆ కార్డును తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, ఫోటోలో మొహం ఉబ్బిందని తీర్పు చెప్పింది.

అసలు తంటా గేర్ల దగ్గర వచ్చింది. గడగడకు గేరు చెవితో మార్చాలి, చూసుకోవడానికి మీటరు లేదు గదా. ఆయన పక్కన ఉండి "ఊఁ, ఇప్పుడు!" అంటే మార్చేది. ఆయన నోరు మూస్తే బండీ నోరు మూసేది.

"అదేంటే, వినబడట్లేదా? బండి అడుగుతోంది చూడు!"

"ఏం అడుగుతోందండీ? అంతా ఒకటే తడతడ!"

ఆమెకే ఆశ్చర్యంగా ఉండేది. ఇన్నేళ్లూ తాడు చివర కూర్చుని, ఆ బండి ఎప్పుడు ఊపిరి బిగపడుతుందో, ఎప్పుడు వదులుతుందో ఆయన చెయ్యి గేరు మీద పడక ముందే చెప్పగలిగేది. లోపల కూర్చునేసరికి కన్నబిడ్డే పరాయి భాష మాట్లాడినట్టుంది. ఎందుకో అంతుబట్టలేదు.

ఈలోగా చెక్‌పోస్టు ఆఫీసరు పరామర్శకు వచ్చాడు. చెక్‌పోస్టు పక్కన రేకుల షెడ్డు ఒకటుంది. లాగే బండి ఏదైనా ఒక్కటే అక్కడ నిలబడాలి, కొండ మీద ఏ బండి ఆగినా కబురు దానికే వెళ్లాలి. ఇన్నేళ్లూ అది గడగడ చోటు.

"అన్నా, నువ్వంటే నాకు గౌరవం. కానీ దారి మూసుకుపోతే పై వాళ్లు నన్ను తంతారు. ఒక అబ్బాయి కొత్త తెల్ల ట్రక్కు తెచ్చాడు. వచ్చినా పోయినా తెలీదు, పిల్లి నడక. వచ్చే వారం నుంచి షెడ్డు అతనికిచ్చేస్తున్నాను."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆఫీసరు వెళ్లాక అటు తిరిగే అన్నాడు. "పాత ఇనుము వాడికి చెప్పేస్తాను. ఆదివారం వచ్చి గడగడను తీసుకెళ్తాడు."

ఆమె మంచం దగ్గరికి వచ్చింది. "నేను నడుపుతానండీ."

"లైసెన్సు వేరు, కొండ వేరు. పక్కన నేను లేకుండా ఒక్క గేరు మార్చలేవు. వెనక బరువు వేలాడుతుంటే లోయలో పడతావు." ఆ మాటలో ఎగతాళి లేదు. భయం ఉంది. అందుకే ఆమె ఎదురు చెప్పలేకపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఫోను మోగింది. చెక్‌పోస్టు ఆఫీసరు గొంతు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటోంది. "వెనకక్కా, అన్న లేచాడా? లేవలేదా? అయ్యో!" సంగతేమిటంటే, తెల్ల ట్రక్కు ఒక మినీబస్సును లాగుతూ మూడో మలుపు దగ్గరికి చేరిందట. అక్కడ దాని డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగిందట. వెలగ్గానే ఇంజను తన బలం తానే తగ్గించేసుకుని కదలనందట. కంపెనీ వాళ్లు కంప్యూటరు పట్టుకుని రేపు వస్తామన్నారట. ప్రయాణికుల్ని వేరే బండిలో పైకి పంపేశారు గానీ, కిందా పైనా బండ్లు బారులు తీరి ఉన్నాయి.

ఆయన చంకకర్రల కోసం చెయ్యి చాపాడు. "నేను వెళ్తాను."

"క్లచ్చు ఎవరు తొక్కుతారు, మీ అమ్మా?"

ఆమె తాళాలు తీసుకుంది. తీసుకుంటూనే మరో సంగతి తట్టింది, తట్టగానే మొహం వెలిగిపోయింది.

"వెనక బండికి క్లచ్చు అక్కర్లేదుగా. చక్రం, బ్రేకు. మీకు కుడి కాలు చాలు. పదండి. ఊరికే కూర్చోడమేగా!"

మూడో మలుపు దగ్గర జనం మూగి ఉన్నారు. తెల్లబండి అబ్బాయి మొహం చిన్నబుచ్చుకుని నిలబడ్డాడు. నలుగురూ కలిసి అతని ట్రక్కును పక్కకు నెట్టారు. కట్టుకాలితో ఉన్న మనిషి మినీబస్సు స్టీరింగు ముందుకు ఎక్కుతుంటే ఆఫీసరు కొండ అందాలు చూస్తున్నట్టు అటు తిరిగాడు. ఆమె ఇనప తాడు బిగించి, గడగడ ఎక్కి, మొదటి గేరులో కదిలించింది. కదిలింది. జనం కేక వేశారు. నున్నటి ముక్క రాగానే రెండో గేరు వేసింది, అదీ పడింది. ఆ తర్వాత నిట్టనిలువు ఎక్కుడు మొదలైంది.

గేరు ఎప్పుడు తగ్గించాలి? ఇప్పుడా? ఇంకాసేపా? చెవిలో తడతడ తప్ప ఏమీ లేదు. పక్క సీట్లో "ఇప్పుడు!" అనే గొంతు లేదు. ఆమె గేరు మీద చెయ్యి వేసేసరికి గడగడ ఒక్కసారి కుదిపి ఆగిపోయింది. ట్రక్కు వెనక్కి జారింది, తాడు నేలకు పడింది, మినీబస్సు కూడా కింద ఉన్న బండ్ల బారు మీదికి జారడం మొదలుపెట్టింది. జనం అరుపులు. ఆమె రెండు కాళ్లూ బ్రేకు మీద వేసి పామును తొక్కినట్టే తొక్కింది. ట్రక్కు నిలిచింది. ఇంకొంచెం జారి మినీబస్సూ నిలిచింది.

హ్యాండ్‌బ్రేకు లాగి, దిగి పరుగెత్తి రెంటి చక్రాల వెనకా రాళ్లు వేసింది. మినీబస్సులో ఆయన మొహం సున్నం కొట్టినట్టుంది.

"దీని బ్రేకు పనిచెయ్యట్లేదే!"

"చేస్తుంది. అవి అలాగే ఉంటాయి. ఇంకా గట్టిగా తొక్కండి, పామనుకోండి!"

"వద్దే, ఇక్కడితో ఆపేద్దాం," అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన గొంతు అంత చిన్నగా ఆమె ఎప్పుడూ వినలేదు.

ఆపేస్తే ఆదివారం గడగడను కోసి ముక్కలు చేస్తారు, తను మళ్లీ ఏ బండినీ ప్రాణంతో చూడదు. అది ఆమెకు తెలుసు. చేతికి ఏదో ఒక పని కావాలని ఇంజను మళ్లీ స్టార్టు చేసి, దాన్ని అలా నడవనిచ్చి, తాడు ముడి చూసుకుందామని ట్రక్కు వెనక్కి వచ్చి వంగింది. పొగ గొట్టం ఆమె చెవి పక్కనే ఉంది.

దబ్, దబ్, దబ్. నిదానంగా, కడుపులోంచి వచ్చే గొంతు. ప్రతి దెబ్బా విడివిడిగా. ఆమె వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఇదీ గడగడ! ఇన్నేళ్లూ తను విన్నది వెనక నుంచి. ఆయన విన్నది లోపల నుంచి. ఇద్దరూ కాపురం చేసింది ఒకే బండితో, విన్నవి మాత్రం రెండు చప్పుళ్లు. లోపల అద్దాలు మూసుకుని కూర్చుంటే ముందున్న ఇంజను తడతడ తప్ప వెనక గొట్టం గొంతు ఎలా వినబడుతుంది? ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

గబగబా క్యాబినులోకి ఎక్కి, సీటు మీద వెనక్కి తిరిగి పడుకుని, వెనక అద్దాన్ని రెండు కాళ్లతో తన్నింది. చచ్చిన బ్రేకుల మీద రాటుదేలిన కాళ్లు! ఎండి బిగిసిన రబ్బరు రెండో తన్నుకే చిట్లింది, అద్దం చట్రంలోంచి ఊడి వెనకున్న తాళ్ల కుప్ప మీద పడింది, పగలకుండా.

"పిచ్చెక్కిందా నీకు?" మినీబస్సులోంచి ఆయన కేక.

"చక్రం పట్టుకోండి!" అని ఆమె కేక.

అద్దం లేని కంతలోంచి చప్పుడు లోపలికి పొంగింది, దాంతో పాటు పొగ కూడా. దగ్గుతూనే నవ్వింది. తెల్లబండి అబ్బాయి రాళ్లు తీశాడు. మొదటి గేరు. దబదబ బరువెక్కింది, తేరుకుంది, తేలికపడింది. ఇప్పుడు రెండోది, అని ఎవరూ చెప్పకుండానే చెయ్యి వెళ్లింది. ముందు ఎక్కుడు కనబడుతోంది. గొంతు జీరపోవడం మొదలైంది, ఇంకో నాలుగు దెబ్బలకు ఊపిరి బిగపడుతుంది. నాలుగో దెబ్బ కంటే ముందే ఆమె మళ్లీ మొదటిదానికి దించేసింది. తాడు సడలలేదు. ఇన్నేళ్లూ వెనక కూర్చుని బ్రేకుతో చదివిన పాఠాన్ని ఇప్పుడు ముందు కూర్చుని అప్పజెబుతోంది. ఒక మలుపు, ఇంకో మలుపు. దారి పక్కన ఆగిన బండ్లవాళ్లు కిటికీల్లోంచి చేతులు ఊపుతున్నారు. ఎవరో "వెనకక్కా!" అని అరిచారు. ఆమె మొదటిసారి ఆ పేరుకు జవాబుగా హారను కొట్టింది.

కొండ పైన టీ కొట్టు దగ్గర మినీబస్సు ప్రయాణికులు సామాన్ల మీద కూర్చుని ఉన్నారు. వాళ్లకు బండి కనబడక ముందే వినబడింది. టీ గ్లాసులు బల్ల మీద వణికాయి. ఒక ముసలాయన లేచి నిలబడి చెయ్యి చెవికి పెట్టుకుని, "వస్తోంది, వస్తోంది!" అన్నాడు. గడగడ చివరి మలుపు తిరిగేసరికి అందరూ లేచి చప్పట్లు కొట్టారు. వినబడితేగా! ఆ చప్పట్లన్నీ గడగడ మింగేసింది.

ఆమె ఇంజను ఆపి దిగింది. మొహమంతా మసి, పళ్లు మాత్రం తెల్లగా. నిదానంగా మినీబస్సు దగ్గరికి నడిచి తలుపు తీసింది. ఆయన చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. చేతులు ఇంకా స్టీరింగును వదలడం లేదు. కుడి కాలు ఇంకా బ్రేకును తొక్కే ఉంది.

ఆమె అందరూ వినేలా అడిగింది.

"ఏం, నిద్ర పట్టిందా?"

ఆయన తల ఎత్తి ఆమెను చూశాడు. నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. "ఇదా నువ్వు ఇన్నాళ్లూ చేసింది?" అన్నాడు. స్టీరింగు మీంచి చేతులు తీసి, "ఒక్కరోజైనా చెప్పలేదేంటే?" అన్నాడు.

"చెప్తే వినబడేదా మీకు, ఆ చప్పుడులో?"

అప్పుడు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు, పొగ అని అబద్ధం చెప్పాడు.

ఆ సాయంత్రమే ఆమె మళ్లీ కొండ దిగి తెల్ల ట్రక్కును కూడా పైకి లాగింది. వెనక కూర్చోబోతూ ఆ అబ్బాయి "నేనేం చెయ్యాలి పెద్దమ్మా?" అని అడిగితే, ఉన్నదంతా విడమరిచి చెప్పింది. ఊరికే కూర్చోమని మాత్రం అనలేదు. ఇల్లు చేరేసరికి పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. అత్తగారు గుమ్మంలో నిలబడి నాలుగిళ్లకు వినబడేలా, "విన్నానే, విన్నాను!" అంటోంది.

ఆదివారం పాత ఇనుము వాడు వచ్చాడు. అత్తగారు గుమ్మంలో కూర్చుని, అతను అడిగిన ప్రతిదానికీ ఒకటే జవాబు చెప్పి పంపేసింది. "బండా? పనికెళ్లింది." వారం తిరిగేసరికి షెడ్డు మళ్లీ గడగడదే అయింది. వెనక అద్దాన్ని ఆమె బిగించనివ్వలేదు. వానొస్తే గోనెపట్టా కడుతుంది, ఎక్కుడు వస్తే తీసేస్తుంది.

కట్టు విప్పిన మర్నాడు కొండ మీద ఒక పాల వ్యాను ఆగిందని కబురొచ్చింది. ఆయన కుంటుకుంటూ వెళ్లి అలవాటు చొప్పున గడగడ తలుపు మీద చెయ్యి వేశాడు. ఆమె తాడు భుజాన వేసుకుని అక్కడే నిలబడి ఉంది. ఆయన ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత తాళాలు ఆమె చేతిలో పెట్టి, ఆమె భుజం మీది తాడు తన భుజానికి మార్చుకుని, చుట్టూ తిరిగి పక్క సీటులోకి ఎక్కి కూర్చున్నాడు.

"పద," అన్నాడు. "అక్కడికెళ్లాక వెనక నేను కూర్చుంటాను."